తాత తవ్విన మేర

కూర్మయ్య గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు. చేతికర్ర అందుకుని లేచేవారు. అడిగినవాడు వెంట నడవాల్సిందే. ఆ ఉదయం అడిగినవాడు లోకనాథం, పన్నెండేళ్లుగా ఆయన దగ్గర ధర్మశాస్త్రాలు చదువుకుంటున్న రైతు.

నాగావళి ఒడ్డున లోకనాథానికి ఆరెకరాల ఇసుక మేట ఉంది. అందులో ఇసుక తీసుకునే హక్కు తాతనాటి నుంచీ ఆ ఇంటిది. ఏటి పొడుగునా తవ్వకాలు ఆపమని కొత్త నిబంధనలు వచ్చినప్పుడు, ఇతనివీ ఆపించాలని దిగువ పేటవాళ్లు కోర్టుకెక్కారు. ఏటిలో చెలమలు తీసి నీళ్లు తోడుకునే పేట అది. దావా తొమ్మిదేళ్లు నడిచింది. పాత హక్కు చెల్లుతుందని కిందటి వారమే తీర్పు వచ్చింది.

"కోర్టే నాదంది గురువుగారూ. అయినా పేట ఆడవాళ్లు దారికడ్డంగా కూర్చున్నారు. నా హక్కు నేను వాడుకుంటే అధర్మమా?"

కూర్మయ్య గారు కర్ర అందుకున్నారు. "ఆ కాగితాలు తీసుకురా."

ఏటిగట్టు దిగువన, మేట మొదట్లో నలభైమంది ఆడవాళ్లు ఖాళీ బిందెలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లకి పది గజాల దూరంలో పొక్లెయిన్ గుర్రుమంటోంది. ఇద్దరు కానిస్టేబుళ్లు మాటిమాటికీ, ఆ ఇసుక తవ్వుకోవడానికి లోకనాథంతో ఒప్పందం చేసుకున్న కాంట్రాక్టరు దాలినాయుడి ముఖం చూస్తున్నారు.

"వీళ్లకెవరూ తీర్పు చదివి వినిపించినట్టు లేదు. నువ్వు చదువు," అన్నారు గురువుగారు.

లోకనాథం గొంతు పెంచి చదివాడు. నిజానికి అతనూ చదవడం అదే మొదలు; గెలిచామని వకీలు చెప్పిన మాటతోనే సరిపెట్టుకున్నాడు. మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగి, దాన్ని మళ్లీ చదివాడు. "ప్రతివాది పూర్వీకులు ఏ మేరకు, ఏ తీరున అనుభవించారో... ఆ మేరకు, ఆ తీరునే."

ఆడవాళ్లలోంచి అసిరమ్మ లేచింది. డెబ్భై దాటిన మనిషి. లోకనాథాన్ని ఇసుకదొంగ అని బోనెక్కి చెప్పింది ఆమె కొడుకే. ఆ మాట అతని గుండెలో ఇంకా మండుతూనే ఉంది.

"ఆ మేరెంతో కాయితంలో రాసినారా, బాబూ?"

"లేదు."

"నాను సెప్తాను. మీ తాత తవ్వించిన ఇసక తట్టలతో మోసినదాన్ని. సెమ్మ తగిల్తే సాలు, పారలు పైకెత్తమనీవోడు. కిందది మనది కాదే, అనీవోడు."

"ముసలిదాని మాట సాక్ష్యమా?" దాలినాయుడు అరిచాడు. "లోతు సంగతి తీర్పులో లేదు. ఇరవై అడుగులు దించుతాను. పోనివ్వరా బండీ!"

యంత్రం ఒక్క కుదుపుతో ముందుకొచ్చింది. ఆడవాళ్లు ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు గాని ఒక్కరూ లేవలేదు. లోకనాథం గురువుగారి వైపు చూశాడు. ఆయన ఏటినే చూస్తున్నారు.

అతను కాగితాలు అక్కడే వదిలేసి, ఆడవాళ్లకూ యంత్రానికీ మధ్యకి దూకి, ఇసుకలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. రెండు చేతులా ఇసుక తోడాడు. మోచేతి లోతున చల్లగా తగిలింది. ఇంకా తోడాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఊరాయి. వెనక నుంచి యంత్రం నీడ అతని వీపు మీదికి పాకి, ఆగింది.

"లేవండి!" దాలినాయుడు పరుగున వచ్చాడు. "ఒప్పందం మీద సంతకం పెట్టారు మీరు!"

"పెట్టాను. నాది ఇంతవరకే, నాయుడూ." లోకనాథం ఊటలోంచి చేయి తీయలేదు. "దీని కింద నీకివ్వడానికి నాకేం లేదు."

"మిమ్మల్నే కోర్టుకీడుస్తాను!"

"ఈడ్చు."

చాలాసేపటికి దాలినాయుడు సైగ చేస్తే యంత్రం వెనుదిరిగింది. ఎవరూ అతన్ని మెచ్చుకోలేదు. అది గట్టు దాటేదాకా ఆడవాళ్లు కూర్చున్నచోటు నుంచి కదలను కూడా లేదు.

తిరుగుదారిలో లోకనాథం ఆగాడు. "తొమ్మిదేళ్లు పోరాడి గెలిచాను. ఒక్క పూటలో ఓడిపోయానా, గురువుగారూ?" అంటూ భుజం మీది తువ్వాలు అందుకున్నాడు.

కూర్మయ్య గారు అతని తడిచేతుల వైపు చూశారు.

"అప్పుడే తుడుచుకోకు, నాయనా. నువ్వు గెలిచిన మేర ఆ తడి దాకానే."