మాస్టారికి తెచ్చిన కమలాపళ్ళు

మృత్యుంజయం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబుకు బదులు ఒక పని చెప్పేవారు. పోనీ పని అయ్యాకైనా జవాబు చెప్పేవారా అంటే, అదీ లేదు. జాంబియాలో ఒక స్కూల్లో జీవితమంతా లెక్కలు చెప్పి రిటైరయ్యాక ఆయన స్వదేశం వెళ్ళలేదు. అడవిలో నది ఒడ్డున రెండు టెంట్లు, ఒక వంటపాక వేసుకుని ఉండిపోయారు. అడవి గార్డు ఫిరి ఆయనకు తోడు. నాలుగు మంచి మాటలు వినడానికి అప్పుడప్పుడు తెలుగువాళ్ళు అంత దూరమూ వచ్చేవారు. ఏనుగుల ఫోటోలు తీసుకునేవారు, మాస్టారి మాటలకు తలలూపేవారు, వెళ్ళిపోయేవారు.

త్రినాథం అలాంటివాడు కాడు. లుసాకాలో మందుల షాపు నడుపుకునే ఈ చోడవరం మనిషికి మాస్టారంటే ప్రాణం. ఆయన మాటల్లో లోతు వెతకడంలో అతన్ని మించినవాడు లేడు. మాస్టారు "టీ చల్లారిపోతోందయ్యా" అంటే, ఆయుష్షు గురించి ఏదో అన్నారనుకుని కళ్ళు మూసుకుని ఆలోచనలో పడేవాడు. ఈలోగా టీ చల్లారిపోయేది.

ఈసారి మాత్రం అతను గట్టి బెంగతోనే వచ్చాడు. పొద్దున్నే అడవిలోకి నడక బయలుదేరారు. తుపాకీతో ఫిరి ముందు, వెనక మాస్టారు, ఆ వెనక త్రినాథం. అడవిలో నడిచేటప్పుడు మాట్లాడకూడదు కాబట్టి మనిషెత్తు చెదపుట్ట ఒకదాని నీడన ఆగేదాకా ఉగ్గబట్టుకుని, ఆగగానే అడిగేశాడు.

"మాస్టారూ, ఎన్నో ఏళ్ళుగా మీ మాటలు వింటున్నాను. ప్రతి మాటా గుర్తుంది. కానీ ఇంటికెళితే మళ్ళీ అదే కోపం, అదే కంగారు. మొన్న మా అమ్మాయే అడిగేసింది, 'నాన్నా, నువ్వు అక్కడికెళ్ళి ఏం నేర్చుకుంటున్నావు?' అని. ఈసారి కూడా ఉత్తచేతులతో వెళితే ఇక ఇటు రావడం మానేద్దామనుకుంటున్నాను. నేనెందుకు మారడం లేదండీ?"

మాస్టారు దారి పక్కన చూపించి, "ఆ ఎండిన ఏనుగు పేడ గోనెలోకి ఎత్తు" అన్నారు.

త్రినాథం ఎత్తాడు. ఎత్తుతూ, అహంకారం పోవడానికి ఈ సేవ చెప్పారని అర్థం చేసుకున్నాడు. వంటపాకకు చేరాక మాస్టారు ఎండుమిరపకాయలిచ్చి దంచమన్నారు. ముక్కు కారుతుంటే, కళ్ళు మండుతుంటే దంచాడు. ఇది ఇంద్రియ నిగ్రహం కాబోలు. ఆ కారాన్ని పేడలో కలిపి, ఇటుకల్లా అద్ది, ఎండలో పెట్టమన్నారు. ఇక్కడ మాత్రం అతని తెలివి పనిచేయలేదు. పేడ అంటే దేహం అనుకుంటే కారం ఏమవుతుంది? కారం సంసారమైతే ఇటుకలెందుకు? మధ్యాహ్నమంతా తల బద్దలు కొట్టుకున్నాడు. "ఇవెందుకండీ?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగడం చిన్నతనమనిపించింది.

సాయంకాలం దొరవారు వచ్చారు. ఒక దంతం సగానికి విరిగిన ఆ ముసలి ఏనుగును మాస్టారు అలాగే పిలిచేవారు. టెంట్ల దగ్గర తుమ్మచెట్లవంటి పెద్ద చెట్లున్నాయి. రాలిన కాయలు ఏరుకు తినడానికి అది రోజూ వచ్చేది. మనుషులు కూర్చున్న చోటికి పదడుగుల దూరంలో తన మానాన తాను తిని, తన దారిన తాను పోయేది. త్రినాథం ఎప్పుడు చూసినా చేతులు జోడించేవాడు.

ఆరోజు ఏనుగు కాయలు ముట్టలేదు. తొండం ఎత్తి గాలిని వాసన చూసింది. అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి త్రినాథం టెంటు వైపు చాచి ఆపేసింది. తర్వాత నింపాదిగా అటు నడవసాగింది. వంటపాక దగ్గరున్న ఫిరి తన భాషలో ఏదో గొణిగి తుపాకీ చేతిలోకి తీసుకున్నాడు.

"నీ టెంట్లో ఏముంది?" అన్నారు మాస్టారు. కూర్చున్నవారు గబుక్కున లేచారు.

"ఏమీ లేదండీ. బట్టలు... మీకోసం కాసిని కమలాపళ్ళు..."

జరిగిందిది. బయలుదేరేముందు ఫోను చేస్తే మాస్టారు, "ఏ పండూ తేవద్దు" అన్నారు. మన ఇళ్ళలో ఆ మాట అననివాళ్ళెవరు? తేవద్దనడం పెద్దల మర్యాద, తేవడం మన మర్యాద. పైగా గురువు దగ్గరికి వట్టి చేతులతో వెళతామా? త్రినాథం ఏరి ఏరి మంచి కమలాపళ్ళు సంచి నిండా కొన్నాడు. వెళ్ళే రోజున పాదాల దగ్గర పెట్టి ఆశ్చర్యపరుద్దామని మంచం కింద దాచాడు.

"పోయినేడు నది అవతల ఎవరో కారులో మామిడిపళ్ళు ఉంచుకుంటే ఒక ఏనుగు తలుపు పీకి తినేసిందని చెప్పానా?" అన్నారు మాస్టారు, ఏనుగు మీంచి చూపు తిప్పకుండా. "రుచి మరిగి కనిపించిన ప్రతి కారునీ పీకడం మొదలుపెడితే, చివరికి కాల్చేశారని చెప్పానా?"

చెప్పారు. త్రినాథానికి బాగా గుర్తుంది. కోరికల గురించి ఎంత చక్కటి కథ అని మురిసిపోయి, లుసాకాలో ఇద్దరు ముగ్గురు స్నేహితులకు చెప్పాడు కూడా. ఆ ఏనుగు నిజంగా ఏనుగేనని అతనికి ఇప్పుడే తట్టింది.

"దాన్ని కాల్చింది ఫిరియే. ఆ తర్వాత చాలా రోజులు వాడికి అన్నం సహించలేదు" అంటూ మాస్టారు పొయ్యి దగ్గరికి పరుగుతీశారు. నిప్పులు పెనంలోకి తోడి, వాటి మీద మధ్యాహ్నం త్రినాథం అద్దిన పేడ ఇటుకలు పెట్టి, త్రినాథం టెంటు ముందుకు తెచ్చి నేల మీద ఉంచారు. దట్టంగా పొగ లేచింది. మిరపకాయల ఘాటు తగలగానే త్రినాథం, మాస్టారు దిష్టి తీస్తున్నారనుకున్నాడు. ఎవరికి దిష్టి? తనకా, ఏనుగుకా? దండం పెట్టాలో, పారిపోవాలో తెలియక సగం వంగి అలాగే నిలబడిపోయాడు.

గాలి ఏనుగు వైపే వీస్తోంది. కమలాపళ్ళ వాసనను మోసుకెళ్ళిన గాలే ఇప్పుడు పొగనూ మోసుకెళ్ళింది. ఏనుగు ఆగింది. ఫిరి తుపాకీ ఎత్తి ఊపిరి బిగబట్టాడు. ఏనుగు తల అడ్డంగా విదిలించి, చెవులు టపటపలాడించి, పెద్దగా చీదింది. ఒక అడుగు ముందుకు వేయబోయి, మళ్ళీ చీదింది. ఇక లాభం లేదనుకుందేమో, వెనక్కి తిరిగి చెట్లలోకి వెళ్ళిపోయింది. ఫిరి తుపాకీ దించి, నేల మీద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"ఆ సంచి తీసుకుపోయి పాయిఖానా గోతిలో వెయ్యి. అన్నిటికన్నా లోతైంది అదే" అన్నారు మాస్టారు.

"గురువుగారికని తెచ్చినవండీ... గోతిలోనా?"

"గోతిలోనే."

త్రినాథం వేశాడు. ఒక్కో పండూ కింద పడుతున్న చప్పుడు వింటుంటే అతనికి ఏడుపొచ్చింది. తన భక్తికి ఇదా ఫలితం అనిపించింది. మరుక్షణం ముఖం కప్పుకున్న ఫిరి గుర్తొచ్చి సిగ్గేసింది. ఇందులో ఏది పాఠమో, ఏది ప్రమాదమో, మాస్టారికి కోపం వచ్చిందో లేదో, ఏదీ తేలలేదు. పైన మట్టి కప్పి, చేతులు కడుక్కుని వచ్చేసరికి మాస్టారు మామూలుగా టీ కాస్తున్నారు.

మర్నాడు సాయంకాలం త్రినాథం తిరుగు ప్రయాణానికి బ్యాగు సర్దుకుని, మాస్టారి పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ఎదుట ముసలి ఏనుగు కాయలు ఏరుకు తింటోంది. తినడం అయ్యాక త్రినాథం టెంటు వైపు నాలుగడుగులు వేసింది. ఫిరి లేచి నిలబడ్డాడు. ఏనుగు తొండం ఎత్తి, ఎక్కడో నిన్నటి ఘాటు తగిలినట్టు తల విదిలించి, చక్కగా పక్కకు తిరిగి నది దారి పట్టింది.

త్రినాథం గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, నిన్న నేనడిగిన ప్రశ్నకి మీరింకా ఏమీ చెప్పలేదు."

మాస్టారు నదిలోకి దిగుతున్న ఏనుగునే చూస్తున్నారు.

"దొరవారికి ఒక్కసారే చెప్పాను" అన్నారు.