కొమ్మవ్వ వంతు

గింజలు ఇంటింటికీ చేరుతున్నా పిల్లలు ఎందుకు చిక్కిపోతున్నారో నాగిలకు అంతుపట్టలేదు.

వానలు మొహం చాటేసిన ఏడు అది. కృష్ణ ఒడ్డున కొండమీద భిక్షుణుల విహారం, కొండ కింద ఊరు. ఆ సీమ ఏలే దొర ధాన్యపు కొట్లు తెరిచి, పంచే పని విహారానికి అప్పగించాడు. విహారానికి పెద్ద, థేరి అయిన నందసిరి ఆ పని తన శిష్యురాలు నాగిల చేతిలో పెట్టింది. నాగిల వర్తకుల ఇంటి ఆడపడుచు. కొలతలు ఆమెకు ఉగ్గుపాలతోనే వచ్చాయి.

ఆమె పెట్టిన పద్ధతికి వంక పెట్టడానికి లేదు. మనిషికింత చొప్పున ఇంటింటికీ సజ్జలు. పసిపిల్లలో, చూలింతలో, బాలింతలో ఉంటే ఆ ఇంటికి అదనంగా ఉలవలు, నువ్వులు, బెల్లం. గ్రామపెద్ద ఇంటికని ఒక గింజ ఎక్కువ లేదు, ఊరి చివరి గుడిసెకని ఒక గింజ తక్కువ లేదు. ఇంటి యజమాని కొండెక్కి వచ్చి, పైపంచె పరిచి, మూట కట్టుకుని దిగిపోయేవాడు. తోపులాట లేదు, తగాదా లేదు. తోటి భిక్షుణులు మెచ్చుకుంటే నాగిల వినయంగా తల వంచేది. వంచిన తలలో సంబరం మాత్రం వంగేది కాదు.

మగవాళ్ళ బుగ్గలు నిండాయి. పిల్లల మోకాళ్ళు మాత్రం తొడలకంటే లావుగా కనిపించసాగాయి. ఊళ్ళో ఒక పసివాడు పోయాడు. ఆ వెనకే ఇంకొకడు పోయాడు.

పులిమీద పుట్రలా దొర దగ్గర్నించి కబురొచ్చింది. వచ్చే నెల అధికారి వచ్చి చూస్తాడట. పిల్లలు కోలుకోకపోతే ఈ పంపకం వట్టి దండగని కొట్లు మూయిస్తాడట.

నాగిల గురువు దగ్గరికి పరుగెత్తింది. నందసిరి చెట్టు నీడన కూర్చుని చిరిగిన కాషాయ చీవరం కుట్టుకుంటోంది.

"అమ్మా, నా పద్ధతిలో తప్పు లేదు. గింజలే చాలడం లేదు. ఇంకొంచెం పెంచమని దొరను అడుగుదామా?"

నందసిరి దారం కొరికి, సూది గుచ్చి పెట్టింది.

"భిక్షాపాత్ర పట్టుకురా."

"ఇప్పుడా? పొద్దు వాలిందమ్మా!"

భిక్షుణులు పొద్దున్నే భిక్షకు వెళతారు. మధ్యాహ్నం దాటితే మెతుకు ముట్టరు. నాగిల ఈ నియమం ఒక్కనాడూ తప్పలేదు. నందసిరి సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాంటి మనిషి అప్పటికే సగం మెట్లు దిగిపోయింది. పాత్ర తీసుకుని నాగిల వెంటపడింది.

ఊళ్ళోకి వచ్చాక నందసిరి వీధివాకిళ్ళ వైపు చూడనే లేదు. సందులోకి మళ్ళి, ఒక ఇంటి పెరటి గుమ్మంలో ఆగింది. లోపల పొయ్యి చల్లారిపోయింది. ఒక బాలింత నేలమీద గొంతుకూర్చుని, కుండ ఒళ్ళో పెట్టుకుని, అడుగంటిన మాడు గీకుతోంది. పేరు కొమ్మవ్వ. పక్కన గుడ్డపేలికల మీద ఆడపిల్ల.

కొమ్మవ్వ గబుక్కున లేచి కుండ వెనక్కి దాచుకుంది.

"అయ్యో, ఈ వేళప్పుడు వచ్చారేం తల్లీ! పొద్దున్నే వచ్చుంటే మా అత్త తొలిముద్ద వేసేదిగా."

"తొలిముద్దలు చాలా తిన్నాను. నీ ముద్ద చూద్దామని వచ్చాను."

కొమ్మవ్వకు నవ్వొచ్చింది. "నా ముద్దా? నాదంటూ వేరే ఏముంటుంది? అందరూ తిని లేచాక ఉన్నదే నాది."

నాగిల ఆగలేకపోయింది. "అదేమిటి? బాలింతవని నీకోసం ఉలవలిచ్చాను, నువ్వులిచ్చాను."

"అవునమ్మా, మీ పుణ్యం! ఉలవచారు కాచాను. మా మామ, మా ఆయన జుర్రుకుంటూ తాగారు. మా మామైతే మూకుడు నాకాడు. నువ్వులుండలు మా మరిది పొలానికి పట్టుకుపోయాడు. నేనే చేశాను కదా, వాసన భలే వచ్చిందిలే."

"మీ అత్తయినా అడగదా?"

"ఆవిడా ఇన్నాళ్ళూ ఈ కుండే గీకింది తల్లీ. నేను కాపురానికి వచ్చాక ఆవిడకు ఒక మెట్టు పైన చోటు దొరికింది. ఇప్పుడు నాకోసం దిగమంటే దిగుతుందా?"

నందసిరి వంగి పసిపిల్లను ఎత్తుకుంది. పిల్ల కళ్ళు విప్పి చూసింది. ఎవరో కొత్త మనిషి ఎత్తుకున్నా నోరు తెరవలేదు.

"ఏడవదేం?"

"ఏడవదమ్మా. ఎంత బుద్ధిమంతురాలో! ఆడపిల్లంటే ఇలా ఉండాలని అందరూ మెచ్చుకుంటారు."

నాగిల మొహం తిప్పుకుంది.

గుమ్మంలోకి వచ్చిన భిక్షుణిని వట్టి చేతులతో పంపడం కొమ్మవ్వకు చేతకాలేదు. గీకిన మాడులో సగం తీసి నాగిల చేతిలోని పాత్రలో వేసింది. ఆ సగం పాత్ర అడుగును కూడా కప్పలేదు.

"మా వేళ దాటిపోయింది," అంది నందసిరి. "నాగిలా, ఆమె వంతు ఆమెకివ్వు."

నాగిల పాత్రను రెండు చేతులా పట్టుకుని కొమ్మవ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఊరందరికీ కొలిచిపోసిన చేతులతోనే పాత్ర ముందుకు చాచింది. కొమ్మవ్వ పాత్ర అందుకుంది గానీ, ఎదురుగా మనుషులుండగా తినడం ఆమెకు అలవాటు లేదు. గోడవైపు తిరిగి తింది.

చీకటి పడేసరికి ఇద్దరూ తిరిగి కొండెక్కారు.

తెల్లవారి నాగిల ఊళ్ళోకి దిగి, పెరటి గుమ్మాలన్నీ తిరిగింది. తన పంపకంలో ఇంటి యజమానుల పేర్లన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఆడవాళ్ళ పేర్లు ఒక్కటీ తెలియదని అప్పుడు తెలిసింది. అడిగి తెలుసుకుంటూ, పేరు పెట్టి ఒక్కొక్కరినీ పిలిచింది. "సజ్జలు మీ ఇళ్ళకే వస్తాయి. ఉలవలు, నువ్వులు, బెల్లం మాత్రం ఇక విహారం గడప దాటి రావు. పిల్లల్ని తీసుకుని మీరే కొండెక్కండి. అక్కడే వండుకుందాం, అక్కడే కూర్చుని తిందురుగాని."

పొయ్యి ఎరగని విహారం ముంగిట్లో పొయ్యిలు లేచాయి. ఆడవాళ్ళు వంతులు వేసుకుని వండారు. ఎసట్లో మునగాకు పడింది. మోదుగాకుల విస్తళ్ళు వరసగా పరిచారు.

మొదటిరోజే గ్రామపెద్ద బొద్దన మీసం తిప్పుకుంటూ కొండెక్కాడు.

"మా ఆడవాళ్ళు పదిమందిలో బాసింపట్టు వేసుకుని మెక్కుతుంటే మా పరువేం కావాలి? అయినా మగవాడు తినకముందు ఆడది తింటే ఇంటికి అరిష్టం."

నాగిల గరిటె దించలేదు. "ఇన్నాళ్ళూ మీరే ముందు తిన్నారు కదా బాబాయ్. మరి ఆ అరిష్టం ఎవరికి తగిలిందో ఊయలల్లోకి తొంగి చూడు."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు విస్తరి నుంచి విస్తరికి పాకింది. బొద్దన వచ్చిన దారినే దిగిపోయాడు.

నెల తిరిగింది. అధికారి రానే వచ్చాడు. చాడీలు చెప్పడానికి బొద్దన పక్కనే ఉన్నాడు. వాళ్ళ వెనక నలుగురైదుగురు మొగుళ్ళు గోడనానుకుని నిలబడ్డారు. వాళ్ళలో కొమ్మవ్వ మొగుడు కూడా ఉన్నాడు.

మెట్లెక్కి రాగానే అధికారి చెవులు మూసుకున్నాడు. ముంగిలి అదిరేలా ఒక పిల్ల కేకలు పెట్టి ఏడుస్తోంది.

"ఎవరిదీ గొంతు?"

"కొమ్మవ్వ కూతురిది," అంది నాగిల, బిరుదు చదివినట్టు. "ఆకలేస్తే ఊరుకోదు."

అధికారి పిల్లల మధ్య నడిచాడు. ఒకడి జబ్బ పట్టుకు చూశాడు. ఇంకొకత్తె పిక్కలు తడిమాడు. ఆ పిల్ల విదిలించుకుని, అతని వేలు కొరికి పారిపోయింది.

"పళ్ళు గట్టివే," అన్నాడతను వేలు విదుల్చుకుంటూ. "కొట్లు మూయక్కర్లేదు."

బొద్దన ఉండబట్టలేకపోయాడు. "పిల్లల మాట సరే అయ్యా, తల్లుల సంగతి చూడండి. వీళ్ళకు బొత్తిగా భయం పోయింది. ఇంట్లో కూడా ముందే వడ్డించుకుంటున్నారు."

అధికారి నందసిరి వైపు తిరిగాడు. "అవునా థేరీ? ఈ ఆడవాళ్ళకు ఏం ధర్మం బోధించారు?"

నందసిరి తినేవాళ్ళ వరస వైపు చూసింది.

వరసలో కొమ్మవ్వ విస్తరి ఖాళీ చేసి తలెత్తింది. అధికారిని చూసింది. బొద్దనను చూసింది. గోడనానుకున్న మొగుణ్ణీ చూసింది. కూర్చున్న చోటు నుంచి కదలలేదు, గొంతు తగ్గించలేదు.

"నాగిలమ్మా! నాకింకో గరిటె."

మొగుడు కాళ్ళకేసి చూసుకున్నాడు. నాగిల కుండ ఎత్తుకుని, అందరి ముందునుంచీ పట్టపురాణికి వడ్డించడానికి వెళ్ళినట్టు వెళ్ళింది.

అప్పుడు నందసిరి కొమ్మవ్వను చూపిస్తూ అధికారితో అంది:

"బోధిస్తున్నది నేను కాదయ్యా, ఆమె. వినండి."