గంటమేడకు గంట తిరిగి వచ్చిన వైనం

గంగరాయి చెరువు తూర్పుగట్టున, నీటికి ఎదురుగా మూడంతస్తుల మేడ ఒకటి ఉన్నది. దీనిని గంటమేడ అంటారు. లోపల అడుగు పెట్టగానే పాత చెక్క కౌంటరు, దానిమీద అరచేత్తో నొక్కే ఇత్తడి గంట కనిపిస్తాయి. కౌంటరు వెనుక ఎవరూ ఉండరు. బయటి నుండి వచ్చినవారు గంట నొక్కి నిలబడాలి. ఇళ్లలో ఉన్నవారెవరో ఒకరు వరండాలోకి వచ్చి, "వచ్చిండ్రా?" అని అడుగుతారు. "వచ్చిన" అని చెప్పిన తరువాతే మెట్లెక్కాలి. కొత్తవారు నవ్వుతారు. నవ్వవచ్చు, దోషం లేదు.

పూర్వం ఇక్కడ కమలవిలాస్ అనే హోటలు ఉండేది. చెరువు చూడవచ్చిన కొత్త దంపతులతో గదులు కళకళలాడేవి. ఒక గదిలో మాత్రం రత్నాబాయి అనే ఆమె ఏళ్ల తరబడి ఒంటరిగా ఉండేది. ఆమె ఆడపిల్లల హాస్టలులో వార్డెనుగా పనిచేసింది. చీకటి పడేలోగా పిల్లలందరూ వచ్చారా లేదా అని చూసుకోవడంతోనే ఆమె వయసు గడిచిపోయింది. ఉద్యోగం ముగిశాక ఆమె కోసం అలా చూసేవారు లేకపోయారు. రోజూ సాయంత్రం గట్టుమీద నడిచి వచ్చి గంట నొక్కితే, ఇస్తారి అనే గుమాస్తా తాళంచెవి అందిస్తూ, "వచ్చినవా అమ్మా?" అనేవాడు. రోజంతటికీ ఆమెతో ఎవరైనా ఆడే మాట అదొక్కటే.

కాలక్రమాన హోటలు నడవక, యజమానులు గదులను ఇళ్లుగా మార్చి అమ్మివేశారు. రత్నాబాయి తన గదిని కొనుక్కుని ఉండిపోయింది. ఇస్తారి తన ఊరికి వెళ్లిపోయాడు. తాళంచెవి కొంగున ముడివేసుకునే ఉన్నా, ఆమె సాయంత్రం గంట నొక్కి కాసేపు నిలబడేది. ఆ చప్పుడుకు, అదే మేడలో ఉండే ఇళ్లవారి అసోసియేషన్ కార్యదర్శి సుదర్శనరావుకు ఒళ్లు మండేది. మీటింగు పెట్టి, తీర్మానం చేసి, గంటను ఊడదీయించి అటకెక్కించాడు. ఎందుకు నొక్కుతున్నావమ్మా అని అడగాలని అంతమంది పెద్దమనుషులలో ఒక్కరికీ తోచలేదు.

ఆ వానాకాలం ఒక సాయంత్రం ఆమె గట్టుమీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. గంట ఉండి ఉంటే, అది మోగలేదన్న సంగతైనా ఎవరికో తెలిసేది. తెల్లవారాక చేపలవాళ్లు చూసి ఆసుపత్రికి చేర్చారు. పరామర్శకు వెళ్లిన సుదర్శనరావును ఆమె ఒక్కటే అడిగింది.

"నేను రాలేదని ఎవలకూ తెల్వలేదా సారూ?"

ఆమె జ్వరం తగిలి ఆసుపత్రిలోనే కన్నుమూసింది.

కొన్నాళ్లకు ఆమె ఆయన కలలో కనిపించింది. తడిచీరతో కౌంటరు మీద చెయ్యి తడుముతూ, "లోపటికి వస్త సారూ, ఎవలన్న అడుగుండ్రి" అన్నదట. మరునాడే ఆయన గంటను దించి, తోమి, తన చేతులతో బిగించాడు. అది మొదలు ఎవరు వచ్చినా తానే వరండాలోకి వెళ్లి అడిగేవాడు. చూసి చూసి మిగతావారికీ అలవాటైంది.

ముసలితనంలో ఆయన భార్య పోయింది. ఒకనాడు మేడంతా ఒక పెళ్లికి తరలి వెళ్లింది. సంగతి మరిచి, మందులు కొనుక్కుని వచ్చిన సుదర్శనరావు గంట నొక్కాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ నొక్కాడు. పెళ్లి నుండి అందరూ తిరిగి వచ్చేసరికి ఆయన కౌంటరు పట్టుకుని ఏడుస్తున్నాడు.

"ఆమె దినాం ఇట్లనే నిలవడ్డది" అన్నాడు.

అప్పటి నుండి ఎంత దగ్గరివారి పెళ్లయినా, పండుగైనా, మేడలో ఒకరు ఉండిపోతారు. ఆ కట్టుబాటు నేటికీ తప్పలేదు.

ఈ గంట నొక్కినంత మాత్రాన సంతానం కలగదు, రోగాలు నయం కావు. చూడవచ్చినవారూ నొక్కవచ్చు, ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. "వచ్చిన" అనబోయి ఏడ్చేసినవారిని మేడవారు చాలామందిని చూశారు. అలాంటివారిని కూర్చోబెట్టి చాయ్ ఇస్తారు.