ఆకుపచ్చ మింగిన చిలుక

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో మచ్చుకైనా ఒక్క పచ్చటాకు లేదు. నవ్వకండర్రా, ఏడవాల్సిన కథ ఇది.

ఆ రాజు పేరు గజసేనుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కత్తంటే మోజు, రెండోవాడికి గుర్రమంటే మోజు. మూడోవాడైన మణిధరుడికి మాత్రం ఆకుపచ్చ రంగంటే భయం. కొందరికి బల్లంటే భయం, కొందరికి ఉరుమంటే భయం, వీడికి ఇది. ఎందుకురా అంటే వాడే చెప్పలేడు. గోంగూర కట్ట కనబడితే చాలు, ఊపిరందక, చేతులు చల్లబడి, ఉన్నచోటే పడిపోయేవాడు. అన్నలు వాడి పక్కలో వేపరెమ్మలు దాచి పకపకా నవ్వుకునేవాళ్ళు.

రాజుకి చిన్నకొడుకంటే ప్రాణం. పక్కన కూర్చుని మెల్లగా వాడి భయం పోగొట్టే ఓపిక మాత్రం లేదు. ఏడు సముద్రాల అవతల నుంచి కరాళుడనే మాంత్రికుణ్ణి పిలిపించి, "నా రాజ్యంలో ఆకుపచ్చ అనేది లేకుండా చెయ్యి" అన్నాడు.

"మళ్ళీ మొలవదు. ఫరవాలేదా?" అన్నాడు కరాళుడు.

"ఫరవాలేదు" అన్నాడు రాజు.

కరాళుడు భుజం మీది చిలుకను వదిలాడు. అది ఎగిరిన మేర ఆకుల్లోని రంగంతా దాని రెక్కల్లోకి పోయింది. మధ్యాహ్నానికల్లా రాజ్యమంతా ఎండుగడ్డి అయిపోయింది. కరాళుడు చిలుకను తీసుకుని సముద్రాల అవతలి తన దీవికి వెళ్ళిపోయాడు. మణిధరుడు ఆ రోజు మొదటిసారి మేడ దిగి వీధిలో తిరిగాడు. రాజు ఊరంతా మిఠాయిలు పంచాడు. బుద్ధున్నవాడు చేసే పనేనా అది?

బియ్యం, పప్పు పక్క రాజ్యాల నుంచి వచ్చేవి. ఆకూ కాయా తెద్దామంటే పొలిమేర దాటగానే వరుగైపోయేవి. మొదటి ఏడు జనానికి చిగుళ్ళ వెంట నెత్తురు కారింది. రెండో ఏడు చిన్న దెబ్బ తగిలినా మానలేదు. మూడో ఏడు పిల్లలకు పొద్దువాలితే చూపు ఆనలేదు. కొందరికి పట్టపగలూ ఆనలేదు.

"చిగుళ్ళకు ఉసిరికాయ, కంటికి మునగాకూ పొన్నగంటికూరా. మా తాతల నాటి మందులివే" అన్నాడు ఆస్థాన వైద్యుడు. "అవన్నీ తమరు చిలుకకు పెట్టేశారు ప్రభూ. దాని మెడ విరిస్తే కరాళుడు చస్తాడు, ఆకు చిగురిస్తుంది. వాడి ప్రాణం అందులోనే ఉంది."

పెద్దవాడు కత్తి తీసుకుని వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు గుర్రమెక్కి రేవుకి వెళ్ళాడు, వాడూ రాలేదు.

కోట వాకిట్లో నాంచారి అనే పిల్ల ఒకప్పుడు ఆకుకూరలు అమ్మేది. ఇప్పుడు మరమరాలు అమ్ముతోంది. ఒకరోజు మణిధరుడు అక్కడ ఆగితే, దాని ఆరేళ్ళ చెల్లెలు పైడి గాల్లో చెయ్యి చాపి వాడి అంగీ పట్టుకుంది.

"చినదొరా, అక్క బుట్ట ఆకుపచ్చగా ఉండేదట. ఆకుపచ్చ అంటే ఎలా ఉంటుంది? నేను మరిచిపోయాను."

నాంచారి తలెత్తలేదు, మరమరాలు కొలుస్తూనే ఉంది. తిట్టినా బాగుండేదనిపించింది మణిధరుడికి. అక్కణ్ణుంచి నేరుగా సముద్రానికి నడిచాడు.

ఒడ్డున ఒక ముసలి తాబేలు ఉంది. "ఎక్కు" అంది. "నీ మీద ప్రేమతో కాదులే. చెరువుల్లో నాచు లేక మావాళ్ళు సగం మంది పోయారు."

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. దీవి దగ్గర తాబేలు అంది: "అంత రంగు మింగాక ఆ చిలుకను చూసినవాడు రాయైపోతున్నాడు. మీ అన్నలకూ చెప్పాను. చూడకుండా ఎలా పట్టుకుంటామని నవ్వారు."

"నేనెలాగూ చూడలేను" అన్నాడు మణిధరుడు. కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు చాచి నడిచాడు.

చిలుక పంజరంలోంచి రాజు గొంతుతో పిలిచింది: "నాయనా, కళ్ళు తెరువు." వాడు తెరవలేదు, గొంతు వినబడిన వైపు నడిచాడు. అన్నల గొంతుతో నవ్వింది: "పిరికిపందా, కళ్ళు తెరువు." తెరవలేదు, ఇంకా దగ్గరికి నడిచాడు. అప్పుడు పైడి గొంతుతో, "చినదొరా, ఆకుపచ్చ అంటే ఎలా ఉంటుంది? ఒక్కసారి చూసి చెప్పవూ?" అంది.

అక్కడ మాత్రం వాడి కాళ్ళు ఆగిపోయాయి. కళ్ళలో నీళ్ళు నిండినా రెప్పలు విప్పలేదు. పంజరంలో చెయ్యిపెట్టి చిలుకను పట్టుకున్నాడు. వెచ్చగా, వణుకుతూ ఉంది.

కరాళుడు పరుగెత్తుకొచ్చి కాళ్ళ మీద పడ్డాడు. "నేనేం చేశాను బాబూ? మీ నాన్న అడిగిందే ఇచ్చాను."

"నిజమే" అని మణిధరుడు చిలుక మెడ విరిచేశాడు.

రాళ్ళలోంచి అన్నలిద్దరూ లేచారు. లేచి, ఇంటికి రామన్నారు. "నీ భయానికి ఇన్నాళ్ళు ఎండలో నిలబడ్డాం, చాలు" అని చెరో దారీ పట్టుకుపోయారు.

మణిధరుడు కళ్ళకు గుడ్డ కట్టుకుని ఇల్లు చేరాడు. ఊరంతా చిగురించింది. జనం ఉసిరికాయలు తిన్నారు, మునగాకు వండుకున్నారు. చిగుళ్ళు గట్టిపడ్డాయి. పొద్దువాలితే చూపు ఆనని పిల్లలకు చూపు తిరిగొచ్చింది. బొత్తిగా పోయినవాళ్ళకు రాలేదు. పైడికి రాలేదు.

రాజు కిరీటం తీసి కొడుకు చేతిలో పెట్టాడు. "నీకోసమే చేశాను నాయనా" అన్నాడు.

మణిధరుడు నాంచారిని పెళ్ళాడమని అడిగాడు. "మా చెల్లెలి కళ్ళు నీ భయం తినేసింది" అంది నాంచారి. "మాట వరసకైనా నిన్ను క్షమించలేను. పెళ్ళి మాత్రం చేసుకుంటాను. రోజూ దాని పక్కన కూర్చుని అన్నం తినాలి. ఒప్పుకుంటావా?" ఒప్పుకున్నాడు.

పెళ్ళి భోజనాలకు అరిటాకులు వేశారు. కొత్త పెళ్ళికొడుకు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పక్కన పైడి తన ఆకు నిమిరి నిమిరి చూస్తోంది.

"బావా, ఆకుపచ్చ అంటే ఎలా ఉంటుంది?"

మణిధరుడు కళ్ళు తెరిచాడు. ఊపిరందలేదు. చేతులు చల్లబడ్డాయి. పడిపోకుండా పీట పట్టుకుని, ఆకు వంక అలాగే చూస్తూ, "చల్లగా ఉంటుంది తల్లీ. నీ చేతికి ఎలా తగులుతోందో, కంటికీ అలాగే" అన్నాడు.

పైడి మళ్ళీ ఆకు నిమిరింది.

"అంతేనా? దీనికా బావా నువ్వు భయపడింది?"

అరవై ఏళ్ళు ఏలాడర్రా ఆ మహారాజు. పిల్లలూ మనవలూ పుట్టారు, పంటలూ పండాయి. ప్రతిపూటా పైడి పక్కనే అరిటాకులో, కళ్ళు తెరుచుకునే తిన్నాడు.