తేనెబండ అడవిలో అడ్డాకు దొప్పలు

తేనెబండ అడవిలో ఎలుగుబంట్లు, దుప్పులు, కుందేళ్ళు, ముంగిసలు, ఉడుతలు, ఇంకా చెప్పుకుంటూ పోతే పొద్దుగూకేటన్ని జీవాలు ఉండేవి. వాటి పిల్లల కోసం అక్కడ రెండు బడులు కూడా ఉండేవి.

ఒక బడి ఉద్దండం మాస్టారిది. ఆయన కొండముచ్చు. రెండో బడి తుంగమ్మ పంతులమ్మది. ఆమె ముళ్ళపంది. కోపమొస్తే ముళ్ళపంది ముళ్ళను బాణాల్లా విసురుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మన తలవెంట్రుకల్లాగే అవి వాటంతటవే ఊడిపోతాయి. తుంగమ్మ అలా ఊడిన ముళ్ళను పారేయకుండా దాచేది. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

రెండు బడులూ చెట్ల కిందే నడిచేవి. కిందటి వానాకాలంలో పిల్లలంతా తడిసి ముద్దయ్యారు. తుంగమ్మ బడిలోని ఉడుత పిల్ల తోకలికి పట్టిన దగ్గు చలికాలం దాకా వదల్లేదు. అడవిలో వాన పడని గుహ ఒక్కటే ఉంది. అందులో ఒక్క బడికే చోటు.

అడవికి పెద్దదిక్కయిన ఏనుగు పెద్దమ్మ ఆలోచించి ఒక మాట చెప్పింది. "ఇప్పపూల జాతరలో రెండు బడుల పిల్లలూ అంగళ్ళు పెట్టండి. ఎవరి అంగడి అడవికి పనికొస్తే గుహ వాళ్ళది."

ఇప్పపూల జాతర అంటే ఆ అడవికి పెద్ద పండుగ. తెల్లారేసరికి చెట్ల కింద పూలు తెల్లగా పరుచుకుంటాయి. ఆ తీపి వాసనకు ముసలి ఎలుగుబంటి కూడా నడుము నొప్పి మరిచిపోయి పరుగెత్తుకొస్తుంది.

అంగడి నడపాలంటే నాయకులు కావాలని ఉద్దండం మాస్టారు ఆ రోజే పాఠం మొదలుపెట్టాడు. "నాయకులెవరు?" అని అరిచేవాడు. "నేనే! నేనే!" అని పిల్లలంతా రొమ్ము విరుచుకుని అరిచేవారు. పాఠం అంతే.

దారిలో తుంగమ్మ కనబడితే ఆయన ఊరుకోలేదు. "ఏమ్మా తుంగమ్మా, ఆ బురద పందిపిల్లకు కూడా నాయకత్వం నేర్పుతున్నావా?"

"నేర్పడం లేదు మాస్టారూ. వాడే నేర్చుకుంటాడేమో చూస్తున్నాను."

ఆ పందిపిల్ల పేరు గుమ్మటం. ఎప్పుడు చూసినా ఒంటినిండా బురదే.

తుంగమ్మ తన పిల్లలకు ఒకే ఒక్క పని చెప్పింది. "వెళ్ళి, జాతరలో మీకేం ఇబ్బంది అని అందరినీ అడిగి రండి."

ముంగిస పిల్ల చురక పరుగెడుతూ అడిగింది. జవాబు వచ్చేలోపే ఇంకో చెట్టు కిందికి వెళ్ళిపోయింది. గుమ్మటం మాత్రం ఒక్కొక్కరి పక్కనే కూర్చుని విన్నాడు. పూలతో పాటు నోట్లోకి ఇసుక వస్తోందని కుందేలు తాత చెప్పాడు. దుప్పి పిన్ని కళ్ళు తుడుచుకుంది. "నేను కడుపునిండా తింటాను నాయనా. కాలు బెణికి నడవలేని నా కూనకు నాలుగు పూలు పట్టుకెళ్ళే దారే లేదు."

గుమ్మటం తిరిగొచ్చి ఈ మాట చెప్పగానే తోకలి ఎగిరి గంతేసింది. "దొప్పలు కుడదాం! అడ్డాకులతో!"

తుంగమ్మ తను దాచిన ముళ్ళు తెచ్చి పిల్లల ముందు పెట్టింది. తోకలి అడ్డతీగలెక్కి వెడల్పాటి ఆకులు కోసింది. చురక ముల్లుతో బెజ్జాలు పొడిచి గడ్డిపరకతో కుట్టింది. గుమ్మటం అడుగున అణిచి గుంట చేశాడు. జాతర ముందురోజు మధ్యాహ్నానికే దొప్పల గుట్ట తయారైంది.

తెల్లారి చూస్తే దొప్పలన్నీ ఎండి, వంకర్లు తిరిగి అప్పడాల్లా ఉన్నాయి. ముట్టుకుంటే చాలు, విరుగుతున్నాయి.

"ఈ తోకలిదే తప్పు!" అని చురక మండిపడింది. "ఎండలో పెట్టింది ఇదే!"

"పెట్టమన్నారు, పెట్టాను!" అని తోకలి ఏడ్చేసింది. ఏడుపుతో దగ్గు కూడా వచ్చింది.

ఆ దగ్గు వినగానే తుంగమ్మ ప్రాణం విలవిల్లాడింది. ఏం చేయాలో ఆమెకు తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క ముక్క చెబితే పని అయిపోతుంది, గుహ దక్కుతుంది. కానీ వచ్చే ఏడు కూడా పిల్లలు తన నోటివైపే చూస్తారు. ఆమె నోరు గట్టిగా మూసుకుంది. ఒంటిమీది ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. చెప్పడం చాలామందికి వచ్చు. తెలిసి తెలిసి చెప్పకుండా కూర్చోవడానికి ఎంత గుండె కావాలో చూడండి!

అప్పుడు గుమ్మటం ముందుకొచ్చాడు. "దాన్ని అనకు చురకా. ఎండలో పెడితే గట్టిపడతాయని చెప్పింది నేను. తప్పు నాది."

చురక కిందపడ్డ ఆకుముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

గుమ్మటం ఒక దొప్పను చూస్తూ వీపు గోక్కున్నాడు. "ఎండకు నా ఒళ్ళూ ఇలాగే పగులుతుంది. అప్పుడు నేనేం చేస్తాను?"

"ఏం చేస్తావు, వెళ్ళి బురదలో పొర్లుతావు," అంది చురక వెటకారంగా. అని, ఠక్కున ఆగిపోయింది. "ఒరేయ్ గుమ్మటం! నీళ్ళు!"

ముగ్గురూ దొప్పలను వాగు దగ్గరికి మోశారు. నీళ్ళు చల్లి, మీద తడి నాచు కప్పారు. కాసేపటికి ఆకులు మెత్తబడి చెప్పినట్టు వంగాయి. విరిగినవి తీసేసి, ఊడిన కుట్లు మళ్ళీ వేసి, పరుగు పరుగున జాతరకు చేరారు.

అక్కడ ఉద్దండం మాస్టారి అంగడిలో తేనెపట్టు పెడదామనుకున్నారు. పిల్లలకు చేతకాదని మాస్టారే చెట్టెక్కాడు. తేనెటీగలు ఆయన్ను తరిమి తరిమి కుట్టాయి. మూతి బూరెలా వాచి మాట పెగల్లేదు. కింద పిల్లలంతా నాయకులే కదా! "నువ్వు పొగబెట్టు!" "నువ్వే పెట్టు, నాయకుణ్ణి నేను!" అని కొట్టుకున్నారు. అంగడిలో తేనెచుక్క లేదు, అరుపులు తప్ప.

తుంగమ్మ పిల్లల అంగడి ముందు మాత్రం జీవాలు బారులు తీరాయి. ఒక దొప్ప తీసుకున్నవాళ్ళు గుప్పెడు పూలు ఇచ్చి వెళ్ళారు. దుప్పి పిన్ని దొప్ప నిండా పూలు నింపుకుని, "ఈసారి ఇంకాస్త లోతుగా కుట్టండర్రా," అంటూ కూన దగ్గరికి పరుగెత్తింది.

ఏనుగు పెద్దమ్మ తొండంతో తడి దొప్పను తిప్పి తిప్పి చూసింది. "తడపమని నువ్వే చెప్పావా తుంగమ్మా?"

"లేదు పెద్దమ్మా. నేను నోరు మూసుకుని కూర్చున్నాను."

"అన్నిటికంటే కష్టమైన పని చేశావు," అంది పెద్దమ్మ. గుహ తుంగమ్మ బడికి దక్కింది.

తొలకరి కురిసింది. గుహలో పాఠం నడుస్తోంది. బయట ఉద్దండం మాస్టారి పిల్లలు చెట్టు కింద వణుకుతున్నారు. గుమ్మటం లేచి వానలోకి వెళ్ళాడు.

"మీకేం ఇబ్బంది?" అని అడిగాడు.

తిరిగొచ్చి, "మనం కాస్త సర్దుకుంటే వాళ్ళకూ చోటుంటుంది," అన్నాడు. పిల్లలు ఒకరినొకరు ఒత్తుకుని జరిగారు. అందరికంటే చివర ఉద్దండం మాస్టారు తలవంచుకుని వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. సగం తోక వానలోనే ఉంది.

తుంగమ్మ కొంచెం పక్కకు జరిగింది, ముళ్ళు ఆయనకు గుచ్చుకోకుండా.

నీతి: ఎదుటివారి ఇబ్బంది అడిగి తెలుసుకుని, జరిగిన తప్పు తనదని ఒప్పుకుని, దాన్ని సరిదిద్దేవాడే నాయకుడు, పిల్లలకు ఆ అవకాశం ఇచ్చి ఓపికపట్టేవారే మంచి గురువు.