బాగుందన్న మేక

ఆ ఇంటాయన మేకను తోలుకొచ్చి తాడు తన చేతిలో ఎందుకు పెట్టాడో, ఎంత బుర్ర గోక్కున్నా బాజీకి అంతుబట్టలేదు.

బందరులో ఓడ ఎక్కి, గురువు యాకూబ్ షా బాబా వెంట ఇరాను కొండల్లోకి వచ్చి, ఆ ఇంట్లో అతిథిగా దిగాడు బాజీ. ఆ దేశపు భాషలో అతనికి వచ్చింది ఒక్కటే మాట. ఓడ మీద సరంగు నేర్పాడు. బాగుంది అనే మాట. పరాయి ఇంట్లో మూగవాడిలా కూర్చుంటే మర్యాదేనా చెప్పండి? అందుకని రొట్టె తిని బాగుందన్నాడు. ఉన్న రొట్టెలన్నీ మూటగట్టి ఇచ్చేశారు. దానిమ్మపండు బాగుందన్నాడు. బుట్టెడూ తెచ్చి ముందు పెట్టారు. ఇంటాయన చిన్నకూతురు పెరట్లో పాలు పితుకుతుంటే, నవ్వుతూ మేకనూ బాగుందన్నాడు. అంతే, తాడు చేతిలోకొచ్చింది.

ఆ ఇంటికి ఉన్న పాడి అంతా ఆ మేకే. పిల్ల గుమ్మం పట్టుకుని నిలబడింది. ఏడవడం లేదు. ఏడ్చేసినా నయమే.

"ఇదేం చోద్యం బాబా? వీళ్ళకేమన్నా పిచ్చా?"

"ఈ దేశంలో ఎవరు దేన్ని మెచ్చుకుంటే అది వాళ్ళకి ఇచ్చెయ్యాలి," అన్నాడు బాబా, చెప్పు పట్టీ బిగించుకుంటూ.

"ఆ ముక్క ముందే చెప్పకూడదా?"

"నీ నోరు ఖాళీగా ఉంటేగా."

బాజీ గబగబా వెళ్ళి ఇంటాయన చేతిలో తాడు పెట్టబోయాడు. ఆయన వెనక్కి తగ్గాడు. మొహం ఎర్రబడింది. లోపల్నుంచి ముసలావిడ ఏదో గట్టిగా అంది. ఉంచుకుంటే పాపం, ఇచ్చేస్తే తప్పు. ఆ తాడు బాజీ చేతిలో పామైపోయింది.

"మీరైనా చెప్పండి బాబా, మాకొద్దని."

"ఎవరైనా మీ ఇంటికొచ్చి మీ అమ్మ పెట్టిన అన్నం వద్దంటే నీకెలా ఉంటుంది?"

బాజీ తాడు బాబా చేతికిచ్చాడు.

బాబా లేచాడు. మేకను నడిపించుకుంటూ ఇంటాయన ముందుకు వెళ్ళి, దాని వీపు నిమిరి, వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. ఇంటాయన మేక వంక చూశాడు. పెంచిన చెయ్యి కదా, ఆగలేదు. దాని మెడ కింద గోకుతూ ఒక మాటన్నాడు. ఆ మాట బాజీకి తెలుసు. బాగుంది అన్నాడు.

బాబా తాడు ఆయన చేతిలో పెట్టేశాడు.

ఇంటాయన తాడునీ బాబానీ మార్చి మార్చి చూశాడు. కాసేపటికి గడ్డం ఊగిపోయేలా నవ్వాడు. పిల్ల వచ్చి మేకను కావలించుకుంది.

ఇద్దరూ బయల్దేరబోతుంటే ఆ పిల్లే పరుగెత్తుకొచ్చి బాజీ భుజం మీది దుప్పటి అంచు పట్టుకుంది. బాజీ వాళ్ళమ్మ తన చేత్తో పూలు అద్ది ఇచ్చిన దుప్పటి అది. పిల్ల ఒక పువ్వు మీద వేలు పెట్టి, "బాగుంది," అంది.

ఊరికే అందో, తెలిసే అందో. బాజీ బాబా వంక చూశాడు. బాబా కొండల వంక చూస్తున్నాడు.

బాజీ ఆ పూలను ఒకసారి తడిమి చూసుకున్నాడు. తర్వాత దుప్పటి తీసి పిల్ల భుజాల మీద కప్పాడు.

కొండ కనుమ దగ్గర గాలి ఈడ్చి కొడుతోంది. బాజీ చేతులు చంకల్లో దాచుకుని నడుస్తున్నాడు.

"చలేస్తోందా?" అన్నాడు బాబా.

"వేస్తోంది బాబా."

"ఇందాకటి దాకా పుచ్చుకున్నావంతే. ఇప్పుడు వెళ్ళొచ్చావు వాళ్ళింటికి."