చెంగల్వ మింగిన మాట

అనగనగా, మీ తాతల తాతలు కూడా పుట్టకముందు, మల్లెకోన రాజ్యంలో ఒక నాట్యశాల ఉండేది. అక్కడ కొమ్మన్న గురువుగారు పదమూడేళ్లు నిండిన పిల్లలకు నాటకం నేర్పేవారు. మొదటి ఏడు తెర పట్టాలి. రెండో ఏడు వంత పాడాలి. మూడో ఏడు గాని కాలికి గజ్జె కట్టనిచ్చేవారు కాదు.

వంత అంటే ఎవరేమన్నా తలూపడం అనుకునేరు. మనమే ఆ మాటకు చెడ్డపేరు తెచ్చాం. వేషం కట్టిన పిల్ల వెనక నిలబడి, ఆమెకు ఊపిరి అయిపోయే చోట పాట అందుకునే మనిషి వంత. ఆ పని బాగా చేస్తే వెనక ఇంకో మనిషి ఉన్నట్టే జనానికి తెలియదు. పద్నాలుగేళ్ల పిల్లకు అది ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

ఆ ఏడు వేషం మాచమది. నేతపని వాళ్ల అమ్మాయి. ఆమె రాణిగా కళ్లెత్తి చూస్తే చంకలో పిల్లలు కూడా ఏడుపు మానేసేవారు. ఉన్న లోటల్లా ఒక్కటే, ఊపిరి తక్కువ. ఆమెకు వంత చెంగల్వ. మాచమకన్నా ఏడాది చిన్నది, కంచుగొంతు. ఇద్దరూ ఒకే కంచంలో తినేవారు.

నాటకంలో రాజు యుద్ధానికి వెళతాడు. గిట్టనివాళ్లు రాణి చెవిలో చాడీలు చెబుతారు. అప్పుడు రాణి, "నా రాజు నను మరచెనట" అని గుక్క తిప్పుకోకుండా పాడాలి. ఆ చివర వంత "కల్ల!" అని అందుకోవాలి. అంటే అది అబద్ధమని. ఆ ఒక్క మాటతోనే రాణికి భర్త మీద ఎంత నమ్మకమో జనానికి తెలిసేది.

మొదటి ఆట సంతలో. చెంగల్వ సరిగ్గా అందుకుంది. జనం మాచమ చుట్టూ మూగి, "ఏం పాడావమ్మా!" అన్నారు. వెనక చెంగల్వ తెర మడతపెట్టుకుంది.

రెండో ఆట కోట వాకిట్లో. ఈసారి చెంగల్వ మాటను గట్టిగా సాగదీసి పాడింది. అయినా మెచ్చుకోళ్లన్నీ మాచమకే పోయాయి. పైగా గురువుగారు, "ఏమే, నీ గొంతు వినడానికా జనం వచ్చింది?" అని చీవాట్లు పెట్టారు. మాచమ మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వు వెనక ఉన్నావన్న ధైర్యంతోనే పాడుతున్నానే" అంది. చెంగల్వకు అది చెవికెక్కలేదు.

మూడో ఆట దసరాకు, రాజుగారి కొలువులో. నిండు సభ. మాచమ కళ్లనిండా నీళ్లతో, "నా రాజు నను మరచెనట..." అని పాడి ఆగింది.

చెంగల్వ నోరు తెరిచింది. మాట నాలుక మీదే ఉంది. ఒక్క క్షణం, వెనక నేనున్నానని ఈ ఒక్కసారి వాళ్లకు తెలిసిరావాలి అనుకుంది. మాట మింగేసింది.

మాచమ వెనక్కి తిరిగి చూసింది. కొలువులో ఎవరో, "ఓహో, రాణిగారికే నమ్మకం లేదన్నమాట!" అన్నాడు. సభంతా గొల్లున నవ్వింది. గురువుగారు తాళాలు ఆపి తానే మాట అందించారు గాని, మాచమ మళ్లీ పాట ఎత్తుకోలేకపోయింది. ఆట ఆగిపోయింది.

ఆ శాలలో ఒక కట్టుబాటు ఉంది. తన వల్ల ఆట ఆగితే వేషగత్తె గజ్జెలు విప్పి గురువు ముందు పెట్టాలి. మాచమ పెట్టింది. మాట ఎందుకు అందుకోలేదని గురువుగారు చెంగల్వను అడిగారు. "గొంతు పట్టేసిందండీ" అంది చెంగల్వ. తప్పు మాచమది కాదని మర్నాడు ఆయన గజ్జెలు తిరిగి ఇవ్వబోయారు.

మాచమ తీసుకోలేదు. "చివరి మాటకు నా ఊపిరి మిగిలుంటే నేనే అనేదాన్ని. నా మీద నాకే నమ్మకం పోయింది గురువుగారూ" అని మూట కట్టుకుని ఊరెళ్లిపోయింది. చెంగల్వ గుమ్మంలో నిలబడి చూసింది. అప్పుడు చెప్పినా సరిపోయేది. చెప్పలేదు. ఆ పిల్లను తలుచుకుంటే నాకు కోపమొస్తుంది, వెనకే జాలీ కలుగుతుంది.

మరుసటి ఏడు వేషం చెంగల్వదైంది. పేరొచ్చింది, సన్మానాలు జరిగాయి. కానీ సభ ఎంత చప్పట్లు కొట్టినా ఆమెకు నిద్ర సరిగా పట్టేది కాదు. పన్నెండేళ్లు అలాగే గడిపి, చివరికి ఉండబట్టలేక మాచమ ఊరికి వెళ్లింది.

మాచమ మగ్గం గుంటలోంచి ఊతం పట్టుకుని పైకొచ్చి కావలించుకుంది. "నీ ఆట రెండుసార్లు చూశానే చెంగీ! జనంలో నిలబడి చూసి వచ్చేశా. నా మూలంగా ఆ రోజు నువ్వూ మాట పడ్డావు. ఏ మొహంతో పలకరించను?"

చెంగల్వ ఆమె కాళ్లు పట్టుకుంది. "అక్కా, నా గొంతు పట్టలేదు. కావాలనే ఊరుకున్నాను."

మాచమ ఆమెను పైకి లేపింది. తర్వాత మెల్లగా, "మర్నాడు చెప్పినా గజ్జెలు తీసుకునేదాన్ని కదే" అంది.

"ఇప్పుడైనా రా అక్కా. అందరి ముందూ నేనే చెబుతాను."

"ఎవరికి చెబుతావు? గురువుగారు పోయి నాలుగేళ్లయింది. ఈ గుంటలో కూర్చుని కూర్చుని నా మోకాళ్లు వంగనంటున్నాయి."

మాచమ ఆమెను తిట్టలేదు, పొమ్మనలేదు. చేతులు కడుక్కుని అన్నం వడ్డించింది. చెంగల్వకు ముద్ద మింగుడు పడలేదు.

పిల్లలూ, మనల్ని నమ్ముకున్నవాళ్లకు మనం అందించాల్సిన మాట అదునులోనే అందించాలి. అదును దాటాక ఎంత నిజం చెప్పి ఏడ్చినా, వాళ్లు పోగొట్టుకున్న బతుకు తిరిగి రాదు.